నర్సింగ్ క్లాసులో మా వేషం కట్టొద్దు, కొత్తవాళ్ళయి చూడండి



కొంచెం పెద్ద పోస్టు ఇది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా నర్సింగ్, జీఎన్‌ఎం, ఏఎన్‌ఎం చదివేవాళ్ళూ, చదవాలనుకునేవాళ్ళూ చివరిదాకా చదవండి.

మేము కామవరపుకోటలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయిలం. కోయవాళ్ళం ఉన్నాం, కొండరెడ్లం ఉన్నాం, ఒక యానాది చెల్లి ఉంది. కొందరం నర్సింగ్, కొందరం డిగ్రీ. అందరి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైపు చేస్తున్నది ఒకరు, వయసు 20. మాటలు మాత్రం అందరివీ.

సంగతి ఏంటంటే, 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్ సిలబస్ మార్చింది. సెమిస్టర్లు వచ్చాయి, స్కిల్ ల్యాబులు వచ్చాయి, సిమ్యులేషన్ అనే మాట ప్రతి సబ్జెక్టులోనూ వినపడుతోంది. సిమ్యులేషన్ అంటే, నిజం పేషెంటు మీద చెయ్యి వెయ్యకముందు బొమ్మ మీదో, పేషెంటులా నటించే మనిషితోనో నేర్చుకోవడం. మంచిదే. ఇంజెక్షన్ మొదటిసారి మనిషికి పొడిచే కన్నా బొమ్మకి పొడవడం నయం కదా. కానీ ఆ బొమ్మకి భాష లేదు. ఊరు లేదు. మెడలో తాయెత్తు లేదు. వెంట వచ్చిన అత్త లేదు. మనోళ్ళు ఆసుపత్రి నుంచి చెప్పకుండా వెళ్ళిపోయేది ఇంజెక్షన్ సరిగా పొడవలేదని కాదు. బొమ్మకి లేనివి ఉన్నాయే, అక్కడే గొడవంతా వస్తోంది.

మా పోస్టింగుల్లో చూసినవీ, మా ఇళ్ళల్లో విన్నవీ కొన్ని చెప్తాం.

ఓపీలో వయసెంత అని అడుగుతారు. మా అమ్మమ్మ వయసు వాళ్ళు "పెద్ద గోదారి వచ్చినప్పుడు నా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటారు. అది 1986 ఆగస్టు వరద. పోలవరం, కుకునూరు, వేలేరుపాడు వైపు ఎవరినడిగినా చెప్తారు. అంటే ఆమె సంవత్సరంతో సహా లెక్క చెప్పింది. కానీ రాసుకునేవాళ్ళకి ఆ లెక్క అందలేదు. "సరిగా చెప్పడం లేదు" అని రాసేస్తారు.

కడుపుతో ఉన్నావిడని చివరి నెలసరి ఏ తేదీ అని అడుగుతారు. ఆవిడ ఇప్పపూలు ఏరేటప్పుడు అంటుంది. పండగ ముందో వెనకో చెప్తుంది. కాస్త కూర్చుని అడిగితే పది రోజుల అటూ ఇటూగా తేదీ పట్టుకోవచ్చు. కూర్చునే టైము లేదు.

మాత్రలు ఇచ్చి "పొద్దున టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత" అని చెప్తారు. పొద్దున్నే జావ తాగి పొలానికో అడవికో వెళ్ళి, చీకటి పడ్డాక అన్నం తినే ఇంట్లో టిఫిన్ ఎక్కడిది? ఆవిడ తలూపుతుంది. ఇంటికెళ్ళి మూడింట్లో రెండు వేసుకుంటుంది. తర్వాత "మందులు సరిగా వాడరు వీళ్ళు" అనే పేరు వస్తుంది.

ఇంకొకటి. మాలో ఒకమ్మాయి పెద్దమ్మ కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళింది. ఏ ఆసుపత్రో చెప్పం, ఆ ఒక్క ఆసుపత్రితో పోయే సంగతి కాదిది. నడుముకి ఊరి పెద్ద కట్టిన దారం ఉంది. ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చని ఒక సిస్టరు కత్తెర తీసుకుని దారం తెంచి చెత్తబుట్టలో వేసింది. తియ్యాల్సిందే కావచ్చు. కానీ అడగలేదు. "అమ్మా, ఇది తియ్యాలి, నువ్వే విప్పి మీ అత్త చేతికిస్తావా" అంటే అర నిమిషం పట్టేది. పెద్దమ్మ ఏమీ అనలేదు. బిడ్డని ఎత్తుకుని ఇంటికొచ్చింది. రెండో కాన్పుకి ఎంతమంది చెప్పినా కదల్లేదు. ఇంట్లోనే అయింది, పొద్దున్నే ఆశా అక్క వచ్చి చూసింది. ఆ రాత్రి రక్తం ఎక్కువ పోలేదు, బిడ్డ అడ్డం తిరగలేదు. అంతా బాగుంది కాబట్టే ఇవాళ ఈ మాట ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాం.

ఇప్పుడు క్లాసులో కల్చర్ ఎలా చెప్తున్నారో చూద్దాం. సోషియాలజీలో నోట్సు ఉంటుంది. గిరిజనులు అడవుల్లో నివసిస్తారు, మూఢనమ్మకాలు ఎక్కువ, నాటువైద్యం నమ్ముతారు. అయిదు మార్కుల ప్రశ్న. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే మమ్మల్ని పిలిచి కొమ్ము డాన్స్ వెయ్యమంటారు. మా డాన్స్ మాకు గర్వమే, వేస్తాం. కానీ డాన్స్ చూసిన ఆ రెండు వందల మందిలో ఒక్కరు కూడా మీ ఊళ్ళో జ్వరమొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు అని అడిగిన పాపాన పోలేదు.

సిమ్యులేషన్ వచ్చాక ఇది మారుతుందనుకున్నాం. ఒక కాలేజీలో జరిగింది చెప్తాం, పేరు వద్దు. "గిరిజన పేషెంటుతో మాట్లాడటం" అని రోల్‌ప్లే పెట్టారు. మైదానం అమ్మాయి ఒకతె తలకి ఆకులు చుట్టుకుని, మొహానికి బొట్లు పెట్టుకుని, సినిమాల్లోలాగా "దొరా, దొరా" అంటూ వచ్చింది. అందరూ నవ్వారు. నర్సు వేషం వేసినమ్మాయి "మూఢనమ్మకాలు వదిలెయ్యాలి" అని చెప్పింది, పేషెంటు బుద్ధి తెచ్చుకుని మందు మింగింది. చప్పట్లు. వెనక బెంచీలో మావాళ్ళిద్దరు కూర్చునున్నారు. ఆట పెడితే చాలు అవగాహన వచ్చేస్తుందనుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పాలి. ఆ రోజు క్లాసు మొత్తం నేర్చుకున్నది అంతకుముందు తెలిసిన అబద్ధాన్నే, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

కాబట్టి మేమనేది ఇది: నర్సింగులో ఆటలు కావాలి, సిమ్యులేషన్ కావాలి. కానీ ఆ ఆటలో మా వేషం కట్టడం కాదు పని. నేర్చుకునే నర్సు తనే పద్ధతులు తెలీని కొత్త చోట పడి, ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. నర్సింగులో సంస్కృతి గురించి మొదట గట్టిగా పట్టుకున్న మాడలీన్ లైనింగర్ అనే అమెరికన్ నర్సు, పాపువా న్యూగినీలో గాడ్సప్ అనే తెగ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మధ్య ఉండి నేర్చుకుంది. ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ అని మన పుస్తకాల్లో ఉన్నది ఆమె పేరుమీదే. గమనించండి, ఆమె వాళ్ళకి నేర్పడానికి కాదు, ముందు వాళ్ళ దగ్గర నేర్చుకోడానికి వెళ్ళింది. పేషెంటులా మనిషే నటించే పద్ధతి 1963లో లాస్ ఏంజిల్స్‌లో హోవర్డ్ బరోస్ అనే నరాల డాక్టరు మొదలుపెట్టాడు. ఇక ఆటలకొస్తే, 1970లలో గ్యారీ షర్ట్స్ అనే ఆయన అమెరికా నేవీ వాళ్ళ కోసం బాఫా బాఫా అనే ఆట తయారుచేశాడు. క్లాసుని రెండు ఊహా జాతులుగా విడదీస్తారు. ఒక జాతికి మనుషులూ మర్యాదలూ ముఖ్యం, రెండో జాతికి బేరం ముఖ్యం, దానికి వేరే భాష. ఇటువాళ్ళు అటు చూడ్డానికి వెళ్ళి, ఏమీ అర్థంకాక తిరిగొచ్చి, "వాళ్ళు అదో రకం మనుషులు" అని చెప్తారు. తర్వాత అసలు నియమాలు బయటపెడితే, ఆ "అదో రకం" వెనక ఎంత పద్ధతి ఉందో అప్పుడు తెలుస్తుంది.

మాకు ఎక్కువ నచ్చింది బార్న్‌గా. దాన్ని 1980లో తయారుచేసింది మన పక్క తమిళనాడు నుంచి వెళ్ళిన శివశైలం త్యాగరాజన్. ఆఫ్రికాలో లైబీరియా దేశంలో బార్న్‌గా అనే ఊళ్ళో ఉండగా చేశాడు, ఆ ఊరి పేరే పెట్టాడు. కావాల్సింది పేకముక్కలు మాత్రమే. నాలుగైదు గుంపులుగా కూర్చుంటారు. ప్రతి గుంపుకీ నియమాల కాగితం ఇస్తారు, కాసేపు ఆడించి కాగితం తీసేసుకుంటారు. ఇక మాట్లాడకూడదు, సైగలే. గెలిచినవాళ్ళు పక్క గుంపుకి వెళ్ళాలి. కిటుకు ఎక్కడుందంటే, ఒక్కో గుంపుకి ఇచ్చిన నియమాలు కొంచెం కొంచెం వేరు. ఒకచోట ఆసు పెద్దది, ఇంకోచోట చిన్నది. ఒకచోట ఇస్పేటు తురుపు, ఇంకోచోట తురుపే లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పరు.

మేము దాన్ని మొన్న ఒక ఆదివారం హాస్టల్లో ఆడి చూశాం. పన్నెండుమందిమి, మూడు గుంపులు. మైదానం ఊళ్ళ నుంచి వచ్చే మా క్లాసు స్నేహితులు నలుగురిని కూడా పిలిచాం. వార్డెన్ మేడం వచ్చి "ఆడపిల్లలు పేకాటా!" అని గుమ్మంలో నిలబడిపోయారు. కాగితాలు చూపించి చెప్తే, కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా చూశారు.

మొదటి రౌండు బాగానే జరిగింది. రెండో రౌండు నుంచి మొదలైంది. ఒకమ్మాయి ఆసు వేసి ముక్కలు తీసుకోబోతే ఇంకో అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. మాట్లాడకూడదు కదా, ఇద్దరూ కళ్ళు పెద్దవి చేసుకుని చూసుకున్నారు. ఒకతె బల్ల మీద కొట్టింది. ఒకతె మూడో రౌండులో ముక్కలు కింద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంది.

అయిపోయాక అందరం చుట్టూ కూర్చుని ఒక్కటే ప్రశ్న వేసుకున్నాం: గొడవ వచ్చినప్పుడు తప్పు ఎవరిదనుకున్నావు? మైదానం స్నేహితులు నలుగురిలో ముగ్గురు "ఎదుటివాళ్ళు మోసం చేస్తున్నారనుకున్నాం" అన్నారు. మావాళ్ళు ఎనిమిదిమందిలో ఆరుగురు "నాకే ఆట సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాను" అన్నారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అదే ముక్కలు, అదే ఆట. పన్నెండుమందితో ఆడినదాన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతం చెప్పం. కానీ ఆసుపత్రిలో రోజూ జరిగేది మాకు అక్కడ కనపడింది. నర్సు "ఈమె అబద్ధం చెప్తోంది, సహకరించడం లేదు" అనుకుంటుంది. మనావిడ "నాకే తెలీదు, నేనే తక్కువ" అనుకుని నోరు మూసుకుంటుంది. నియమాల కాగితాలు వేరు వేరు అనే అనుమానం ఇద్దరికీ రాదు. మా మైదానం స్నేహితురాలు ఒకామె అంది, "నేను రెండో బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు ఎవరైనా ఒక్కసారి నవ్వి చూపించి ఉంటే చాలనిపించిందే" అని. సోషియాలజీ నోట్సు నాలుగుసార్లు బట్టీ పట్టినా ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేది కాదు.

ఇక మార్కులు ఎవరు వెయ్యాలి అనేది ఇంకో పెద్ద ప్రశ్న. దీనికి న్యూజిలాండ్ సంగతి చెప్పాలి. అక్కడ మావోరీలు ఆదివాసులు. 1980ల చివర్లో ఒక సభలో, మొదటి సంవత్సరం చదివే ఒక మావోరీ నర్సింగ్ విద్యార్థిని లేచి అడిగిందట. చట్టపరమైన భద్రత అంటారు, వైద్యపరమైన భద్రత అంటారు, మరి మా సంస్కృతికి భద్రత సంగతేంటి అని. ఆ ప్రశ్నని పట్టుకుని ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఒక సిద్ధాంతమే కట్టింది. 1992లో ఆ దేశం నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో చేర్చింది. అందులో అసలు మాట ఇది: సేవ భద్రంగా ఉందో లేదో చెప్పాల్సింది సేవ చేసిన నర్సు కాదు, అందుకున్న మనిషి. అన్నల్లారా అక్కల్లారా, మొదటి సంవత్సరం పిల్ల అడిగిన ప్రశ్నతో మొదలైంది అది. మనం అడగకూడదా?

మాకు ఎదురొచ్చే మాటలు కూడా తెలుసు. ఒక్కొక్కటీ చెప్పుకుందాం.

"స్టాఫ్ లేరు, రోడ్లు లేవు, డోలీలో మోసుకొస్తున్నారు, మీరు పేకాట గురించి రాస్తారా?" న్యాయమైన మాటే. ఆట ఆడితే ఖాళీ పోస్టు నిండదు, వాగు మీద వంతెన రాదు. వాటి కోసం అడగడం ఆపకూడదు. కానీ వంతెన వచ్చి, అంబులెన్సు వచ్చి, మనిషి ఆసుపత్రి దాకా వచ్చాక కూడా ఒక దారం ముక్క దగ్గర వెనక్కి వెళ్ళిపోతోంది కదా. ఆ చివరి పది అడుగుల గురించి మేము మాట్లాడుతున్నాం.

"మీ ఆచారాలన్నీ మంచివేనా?" కాదు. కొన్ని ఇళ్ళల్లో ముర్రుపాలు పిండి పారబోస్తారు, అది బిడ్డకి నష్టం. జ్వరం ముదిరేదాకా పూజలు చేసి ఆలస్యం చేసే వాళ్ళున్నారు. వాటిని మార్చాలి, మేము నర్సులమైతే ముందు మార్చేది మేమే. కానీ తిట్టిన సిస్టరు మాట మా ఊళ్ళో ఎవరూ వినలేదు. ఎందుకు పారబోస్తున్నారమ్మా అని అడిగిన ఏఎన్‌ఎం అక్క మాట విన్నారు. అడగడం అనేది కూడా నేర్చుకుంటేనే వచ్చే పని. సెలైన్ పెట్టడం నేర్పినట్టే దాన్నీ నేర్పాలి.

"గిరిజనులకే ఎందుకు ప్రత్యేకం?" మాకొక్కరికే కాదు. కామవరపుకోట నుంచి ఇటు వెళ్తే జంగారెడ్డిగూడెం, బుట్టాయిగూడెం, ఏజెన్సీ. అటు వెళ్తే ఏలూరు, కొల్లేరు. కొల్లేటి లంకల్లో నీళ్ళు పెరిగితే దారులు మునుగుతాయి. అక్కడి మనిషికి "రేపు పొద్దున ఖాళీ కడుపుతో రా" అని చెప్పే ముందు, రేపు ఎలా వస్తావు అని అడగాలి. చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాలు ఈ ఏడాది ఒక గట్టు మీద, వచ్చే ఏడాది ఇంకో గట్టు మీద. అడ్రస్ అడిగితే ఏం చెప్తారు? పోలవరం ముంపు ఊళ్ళ నుంచి లేచి పునరావాస కాలనీలకి వచ్చినవాళ్ళకి అడవి లేదు, ఏరు లేదు. అలవాటైన తిండే మారిపోయింది. కొల్లేరు సంగతులు కొండమీద పుట్టిన మాకూ కొత్తే. రేపు మాకు ఏలూరులో ఉద్యోగం వస్తే ఆ బల్ల దగ్గర నియమాలు తెలీనిది మేమే అవుతాం. అందుకే ఈ ఆట మాకు కూడా కావాలి.

సికిల్ సెల్ సంగతి చూడండి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి లేకుండా చెయ్యాలని. మన ఊళ్ళల్లో రక్తం తీసి పరీక్షలు చేస్తున్నారు. జబ్బు ఉండటం వేరు, జబ్బు లేకుండా లక్షణం మోయడం వేరు. లక్షణం ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్కని మేనరికాలు చేసుకునే ఊళ్ళో, పెళ్ళి కుదిరిన అమ్మాయికి, వాళ్ళ నాన్న ఎదురుగా, ఆమె పరువు పోకుండా చెప్పాలి. ఇది బొమ్మ మీద నేర్చుకునేది కాదు, నేరుగా ఆ అమ్మాయి మీద నేర్చుకునేదీ కాదు. సిమ్యులేషన్ అసలు కావాల్సింది ఇలాంటి చోట.

మేము అడిగేవి ఇవి.

ఒకటి, మొదటి సెమిస్టర్‌లోనే సోషియాలజీ క్లాసులో రెండు గంటలు బార్న్‌గా లాంటి ఆట పెట్టండి. ఖర్చు నాలుగు పేక దస్తాలు. ఆడినంతసేపూ ఆడాక మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకోవడం లేకపోతే అది కాలక్షేపమే.

రెండు, గిరిజన వేషాలు బంద్. పేషెంటు పాత్ర కావాలంటే మా ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళని, ఆశా అక్కలని పిలవండి. కోయలోనే మాట్లాడనివ్వండి, నర్సు పిల్లలు దుబాసీ పెట్టుకుని మాట్లాడటం నేర్చుకోవాలి. వచ్చినవాళ్ళకి ఆ రోజు కూలీ, బస్సు చార్జీ, భోజనం ఇవ్వాలి. ఊరికే వచ్చి నేర్పి వెళ్ళమంటే కుదరదు.

మూడు, ఆ పాత్ర చేసిన పెద్దమ్మే సగం మార్కులు వెయ్యాలి. ఆమెకి చదువు రాకపోయినా ఫరవాలేదు. "ఈ పిల్ల దగ్గరికి మళ్ళీ వస్తావా?" అని అడిగితే చాలు.

నాలుగు, క్లాసులో ఉన్న ఎస్టీ పిల్లని లేపి "మీ వాళ్ళ గురించి చెప్పు" అనడం ఆపండి. మేమూ ఫీజు కట్టి చదువుకోడానికే వచ్చాం. ఇష్టమైతే చెప్తాం.

అయిదు, కోట రామచంద్రపురం ఐటీడీఏ అధికారులు ఈ ఖర్చు భరించి, మొదట ఒక్క కాలేజీలో ఒక్క ఏడాది పెట్టి చూడాలి. కోయ, కొండరెడ్డి ఊళ్ళల్లో కూర్చుని పది సన్నివేశాలు రాయించాలి. దారం, తేదీ, టిఫిన్, ముర్రుపాలు, సికిల్ సెల్ కార్డు... మొదటి అయిదూ మేము ఇప్పుడే ఇచ్చేశాం.

ఈ పోస్టుని వినతిపత్రంలా రాసి, సంతకాలు పెట్టి ఐటీడీఏకీ, మా మా కాలేజీల ప్రిన్సిపాళ్ళకీ ఇవ్వాలనుకుంటున్నాం. అందుకే మీ సాయం అడుగుతున్నాం. మీ ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు ఎక్కడ నోరు మూసుకున్నారో, ఎక్కడ తిరిగొచ్చేశారో అమ్మనీ, అమ్మమ్మనీ అడిగి రాయండి. ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు వద్దు, జరిగింది చాలు. బాగా చూసుకున్న సిస్టర్లు ఉంటే అదీ రాయండి. వాళ్ళు ఏం చేశారో, ఏమని అడిగారో తెలిస్తే అది కూడా ఒక సన్నివేశమవుతుంది. వచ్చే నెల రెండో శనివారం దాకా వచ్చినవి కలిపి రాస్తాం.

పేక దస్తాలు వార్డెన్ మేడం దగ్గరున్నాయి. ఈ ఆదివారం మళ్ళీ ఆడుతున్నాం. దగ్గర్లో ఉన్న చెల్లెళ్ళు రండి.

జై ఆదివాసీ.